పాత పేరు దేవుడు కొట్టేశాడు, మళ్ళీ రాసుకోకండి

పెద్దతిప్పసముద్రం మండలంలో ఏ పల్లె ప్రార్థన మందిరానికైనా ఆదివారం వెళ్ళండి. మోకాళ్ళూని కన్నీళ్ళతో ప్రార్థించేవాళ్ళు తప్పకుండా కనిపిస్తారు. వాళ్ళలో కొందరు ఎన్నో ఏళ్ళ కిందట ఒప్పుకున్న పాపాన్నే ఈ వారం కూడా ఒప్పుకుంటూ ఉంటారు. తాగుడు మానేసి చాలా కాలమైనా 'నేను తాగుబోతును ప్రభువా' అనే మొదలుపెట్టే నాయన ఉంటాడు. ఎప్పుడో ఇంట్లో చెప్పకుండా బెంగళూరు వెళ్ళిపోయి, తిరిగొచ్చి, ఇప్పుడు బుద్ధిగా కాపురం చేసుకుంటున్నా తల ఎత్తలేని అక్క ఉంటుంది. పశ్చాత్తాపం గొప్పదే. క్షమాపణ దొరికాక కూడా దోషిలాగే బతకడాన్ని మాత్రం వినయం అనలేం. క్షమించానని దేవుడు చెప్పిన మాటను నమ్మలేకపోవడం అది.

క్షమాపణ అంటే శిక్ష తప్పడమేనని మనలో చాలామంది అనుకుంటారు. క్రైస్తవ విశ్వాసం దానికన్నా చాలా పెద్ద మాట చెబుతుంది. క్షమించిన దేవుడు మనిషికి కొత్త గుర్తింపు కూడా ఇస్తాడు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 5వ అధ్యాయంలో పౌలు విశ్వాసిని కొత్త సృష్టిగా లెక్కించింది ఇందుకే. శిక్ష తప్పించుకున్నవాడు ఊపిరి పీల్చుకుని అక్కడే కూర్చుంటాడు. కొత్త గుర్తింపు అందుకున్నవాడు లేచి పనిలోకి దిగుతాడు. మనం నేర్చుకోవలసింది ఈ రెండోది.

ఈ నేలకు ఈ మాట కొత్తదేం కాదు. ఆర్కాటు మిషన్ తరఫున వచ్చిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ 1860లలోనే మదనపల్లె కేంద్రంగా వైద్యం చేస్తూ, తెలుగులో సువార్త చెప్పారు. తాతల కాలం నుంచి వింటున్నాం. విన్నది బతుకులోకి ఎలా దించుకోవాలో చూద్దాం.

ముందు గుర్తింపు, తర్వాత నడవడి

లూకా సువార్త 15వ అధ్యాయంలో తప్పిపోయిన కొడుకు కథ మనందరికీ కంఠతా వచ్చు. అందులో ఒక్క సంగతి దగ్గర ఆగండి. ఆస్తి తగలేసి, పందుల దగ్గర కడుపు మాడ్చుకుని తిరిగొస్తున్న ఆ కుర్రవాడు దారిలో తండ్రికి చెప్పాల్సిన మాటలు సిద్ధం చేసుకుంటాడు. ఇంక కొడుకునని చెప్పుకునే అర్హత లేదు, కూలివాడిగా పెట్టుకోమని అడగాలన్నది అతని ఆలోచన. అతని దృష్టిలో అది న్యాయమైన బేరం. పని చేస్తాడు, కూలి తీసుకుంటాడు, నెమ్మదిగా పరువు సంపాదించుకుంటాడు.

తండ్రి ఆ బేరం పూర్తిగా విననేలేదు. మంచి వస్త్రం తెప్పించాడు, వేలికి ఉంగరం తొడిగించాడు, కాళ్ళకు చెప్పులు వేయించాడు. ఆ మూడూ ఇంటి కొడుకుకు చెందినవి. కూలి ఒప్పందం ఊసే రాలేదు. కుర్రవాడు ఇంకా ఒక్క మంచి పనీ చేయలేదు, ఒక్క రూపాయీ తిరిగివ్వలేదు. అయినా కొడుకు స్థానం ముందే వచ్చేసింది.

లోకం లెక్క దీనికి తలకిందులు. బాగుపడితే అప్పుడు మంచివాడంటాం అంటుంది. దేవుడు ముందు బిడ్డవని చెప్పి, ఆ తర్వాత బిడ్డలా నడవమంటాడు. అర్హత కోసం పని చేసేవాడికి ఎప్పుడూ భయమే. ఒక్కసారి జారితే అంతా పోయిందనుకుని పాత దారే పడతాడు. బిడ్డగా పని చేసేవాడు జారినా లేస్తాడు, ఎందుకంటే జారినంత మాత్రాన తన స్థానం పోదని వాడికి తెలుసు. తాగుడు మానినవాడు ఒక పండగనాడు మళ్ళీ గ్లాసు పట్టుకున్నాడనుకోండి. 'నా బతుకింతే' అనుకుంటే ఆ రాత్రి సీసా ఖాళీ అవుతుంది. 'ఇది నాది కాని బతుకు' అనుకుంటే గ్లాసు అక్కడే పెట్టి ఇంటికొస్తాడు. మనిషి అతనే, బలహీనతా అదే. తనను తాను ఎవరనుకున్నాడన్న దాని మీదే ఆ రాత్రి ఆధారపడింది.

పేతురు, యూదా: ఒకే రాత్రి, రెండు దారులు

'నేను తప్పు చేశాను' అనే మనిషికి దారి ఉంది. 'నేనే ఒక తప్పు' అనుకునే మనిషి దారి తానే మూసుకుంటాడు. మొదటి మాట చేసిన పనిని చూపిస్తుంది, పనిని దిద్దుకోవచ్చు. రెండో మాట మనిషినే కొట్టేస్తుంది.

యేసును పట్టుకున్న రాత్రి ఇద్దరు శిష్యులు పడిపోయారు. యూదా ముప్పై వెండి నాణేలకు అప్పగించాడు. పేతురు ఆయనెవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకాడు. ఇద్దరూ బాధపడ్డారు. యూదా నాణేలు తీసుకెళ్ళి తిరిగిచ్చాడు కూడా. కానీ క్షమించేవాడి దగ్గరికి వెళ్ళలేదు, తన తీర్పు తానే రాసుకుని ప్రాణం తీసుకున్నాడు. పేతురు వెక్కివెక్కి ఏడ్చాడు, అయినా మిగతా శిష్యులను వదిలిపోలేదు. ఆ తర్వాత సముద్ర తీరాన యేసు అతన్ని మూడుసార్లు అడిగింది ప్రేమ గురించి. ప్రతిసారీ పని అప్పగించాడు, తన గొర్రెలను చూసుకోమన్నాడు. బొంకిన ఆ రాత్రి గురించి సంజాయిషీ అడగలేదు.

ఈ రెండు దారులూ ఇవాళ్టికీ మన ముందున్నాయి. పరీక్ష తప్పిన విద్యార్థి, టమోటా ధర పడిపోయి అప్పుల్లో కూరుకున్న రైతు, పెళ్ళి చెడిపోయిన ఆడబిడ్డ, తప్పుడు సావాసంలో పడి స్టేషన్ మెట్లెక్కిన కుర్రవాడు, ఎవరైనా కానీండి. సిగ్గుతో ఒంటరిగా గదిలో కూర్చోకండి. సిగ్గు ఒంటరితనంలోనే పెరుగుతుంది. అక్కతోనో, స్నేహితుడితోనో, పాస్టరయ్యతోనో, డాక్టరుతోనో నోరు విప్పండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఆ రోజే, ఆ గంటే ఎవరికైనా చెప్పండి. పేతురును నిలబెట్టిన వాటిలో తోటి శిష్యుల మధ్య ఉండటం కూడా ఒకటి.

ఊరు పెట్టిన పేరు

కొన్ని ముద్రలు మనం చేసిన తప్పుకు పడతాయి. కొన్ని ఏ తప్పూ చేయకుండానే పుట్టుకతో పడతాయి. తెలుగు నేల మీద దీనికి స్టూవర్టుపురాన్ని మించిన ఉదాహరణ లేదు. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల వంటి తెగల్లో పుట్టిన పసివాడు కూడా ఆ చట్టం కింద అనుమానితుడే. వేలిముద్రలు ఇవ్వాలి, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. అలాంటి కుటుంబాల కోసమే ఇప్పటి బాపట్ల జిల్లాలో స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ ఏర్పడింది. దాన్ని నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ.

అక్కడ బడి వచ్చింది, పని వచ్చింది, ప్రార్థన వచ్చింది. హాజరు పట్టీ మాత్రం పోలేదు. దేవుడి దృష్టిలో నువ్వు బిడ్డవని ఆదివారం వినిపించేది, సోమవారం పొద్దున చట్టం నేరస్తుడివని పిలిచేది. ఒకే మనిషి రెండు పేర్లతో ఎంతకాలం బతకగలడు? స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ ఊరి బిడ్డలు చదువుకున్నారు, ఉద్యోగాలు చేశారు. అయినా నిన్నమొన్నటి సినిమాల దాకా స్టూవర్టుపురం అంటే దొంగల కథే. చట్టం కొట్టేసిన పేరును జనం నోరు ఇంకా మోస్తూనే ఉంది.

ఆ ముద్ర చెరపడానికి ఏళ్ళ తరబడి పాటుపడినవారిలో హేమలతా లవణం ఒకరు. ఆమె నాస్తికురాలు, మహాకవి గుర్రం జాషువా కూతురు. ఆ జాషువా క్రైస్తవుడు. 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం అందుకున్నారు. అంతటి కవి కూడా కులం పేరుతో జీవితమంతా అవమానాలు పడ్డారు. దేవుణ్ణి నమ్మిన తండ్రి, నమ్మని కూతురు, ఇద్దరూ పుట్టుకతో పడే ముద్ర మీదే పోరాడారు.

ఇక్కడ విశ్వాసులు తమను తాము గట్టిగా ప్రశ్నించుకోవాలి. క్రీస్తులో యూదుడు, గ్రీసు దేశస్తుడు, దాసుడు, స్వతంత్రుడు అన్న తేడా లేదని గలతీ పత్రిక 3వ అధ్యాయం నేర్పుతుంది. మన మందిరాల్లో ఆ తేడా పోయిందా? ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకుని, పిల్ల పెళ్ళి దగ్గరికొచ్చేసరికి ఏ కులం వాళ్ళని ఆరా తీస్తున్నామంటే, బాప్తిస్మంలో వచ్చిన పేరును మనమే పక్కన పెట్టినట్టు. మనిషికి కొత్త గుర్తింపు దేవుడు ఇస్తాడు. దాన్ని నిలబెట్టాల్సింది సంఘం.

దేవుడు క్షమించాడు, బాకీ మాత్రం తీర్చండి

ఇప్పుడు కఠినమైన మాట. 'దేవుడు నన్ను క్షమించాడు కదా' అన్న మాటను కొందరు డాలులా వాడతారు. చీటీ డబ్బు ఎగ్గొట్టినవాడు, అన్నదమ్ముల సెంటు భూమి కలిపేసుకున్నవాడు, భార్యను కొట్టినవాడు మందిరంలో చేతులెత్తి స్తుతిస్తే సరిపోదు.

యెరికో పట్టణపు జక్కయ్య సుంకం వసూలు చేసేవాళ్ళకు పెద్ద. ఊరంతా అసహ్యించుకునే మనిషి. యేసు అతని ఇంటికి అతిథిగా వెళ్ళాడు. ఆ ఆదరణ దొరికిన వెంటనే జక్కయ్య లేచి నిలబడి లెక్క చెప్పాడు. ఆస్తిలో సగం పేదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. తిరిగివ్వడం వల్ల ఆదరణ రాలేదు. ఆదరణ వచ్చింది కాబట్టి తిరిగివ్వగలిగాడు. ఇకమీదట తానెవరో తెలిసినవాడికి డబ్బు మీద పట్టు సడలిపోతుంది.

నష్టపోయినవాళ్ళ మీద కూడా బరువు పెట్టకండి. మీరు మారారు కాబట్టి వాళ్ళు వెంటనే నమ్మాలని అడిగే హక్కు మీకు లేదు. క్షమాపణ ఒక్క క్షణంలో దొరకవచ్చు, నమ్మకం మాత్రం పనులు చూశాకే వస్తుంది. దెబ్బలు తిన్న ఇల్లాలికి 'క్షమించేసి సర్దుకుపో అమ్మా' అని చెప్పే పెద్దలు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. క్షమించడమంటే నేరాన్ని దాచడం కాదు, మళ్ళీ దెబ్బల కిందికి వెళ్ళడం అసలే కాదు. ఆమె క్షేమం ముందు, రాజీ తర్వాత.

హంతకుణ్ణి సోదరా అన్న ఇల్లు

క్షమాపణ మనిషికి కొత్త పేరు ఇస్తుందనడానికి మన దేశంలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్ రాణి మరియా మధ్యప్రదేశ్‌లో పేద ఆదివాసీల మధ్య పని చేసేది. వడ్డీ వ్యాపారుల పట్టు నుంచి వాళ్ళను విడిపించడానికి ప్రయత్నించింది. 1995 ఫిబ్రవరి 25న బస్సులో వెళ్తుండగా సమందర్ సింగ్ అనే యువకుడు ఆమెను కత్తితో పొడిచి చంపాడు. అతనికి యావజ్జీవ శిక్ష పడింది.

2002లో రాణి మరియా చెల్లెలు సిస్టర్ సెల్మీ పాల్ ఇండోర్ జైలుకు వెళ్ళింది. అక్కను చంపిన చేతికి రాఖీ కట్టింది. ఆ కుటుంబమే అతని విడుదల కోసం అర్జీ పెట్టింది. 2006లో అతను బయటికొచ్చాడు, కేరళ వెళ్ళి రాణి మరియా తల్లిని కలిశాడు. ఆ తల్లి అతన్ని కొడుకులా ఆదరించింది. చంపిన మనిషి పశ్చాత్తాపంతో పొలం పని చేసుకుంటూ బతికాడు. 2017 నవంబర్ 4న ఇండోర్‌లో కథోలిక సంఘం రాణి మరియాను ధన్యురాలిగా ప్రకటించింది.

చట్టం అతనికి హంతకుడని పేరు పెట్టింది, అది నిజం కూడా. శిక్ష అనుభవించాడు, అదీ న్యాయమే. ఆ ఇల్లు అతనికి సోదరుడన్న మరో పేరు ఇచ్చింది. జైలు గోడలు చేయలేని పని ఆ పేరు చేసింది. మీ ఇంట్లో, మీ వీధిలో పాత పేరుతోనే పిలిపించుకుంటున్నవాళ్ళు ఎవరున్నారో ఒకసారి చూడండి. 'వాడా, వాడి సంగతి మాకు తెలీదా' అన్న మాట ఆపెయ్యండి. ఒక మనిషి మారడానికి మీరిచ్చే మొదటి చేయూత అదే.

తొందరపడొద్దు, ఆగిపోవద్దు

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం మనకు తెలిసిందే. డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ నడిపిన ఆ క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. అప్పటికి క్షయకు మందే లేదు, స్ట్రెప్టోమైసిన్ 1940లలో గానీ రాలేదు. స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, మంచి తిండి, నెలల తరబడి ఓపిక, ఇదే ఆ రోజుల చికిత్స. ప్రమాదం దాటాక కూడా రోగి ఒకేసారి పొలం దున్నడానికి వెళ్ళలేడు. రోజుకు కాస్త నడక, కాస్త పని. మనసు కూడా అలాగే కోలుకుంటుంది. క్షమాపణ దొరికిన రోజే అలవాట్లన్నీ మారిపోవు.

ఇంగ్లండుకు చెందిన జాన్ న్యూటన్ జీవితం చూడండి. బానిసలను మోసే ఓడల్లో పని చేసేవాడు. 1748లో తుపానులో చిక్కుకుని దేవుణ్ణి పిలిచాడు, బతికాడు. అయినా ఆ వ్యాపారం వెంటనే మానలేదు, 1754 దాకా ఓడలు నడిపాడు. 1764లో పాదిరి అయ్యాడు. బానిస వ్యాపారం ఎంత ఘోరమో వివరిస్తూ 1788లో పుస్తకం ప్రచురించాడు. ఆ వ్యాపారాన్ని బ్రిటన్ నిషేధించిన 1807లోనే కన్నుమూశాడు. తుపాను రాత్రికీ ఆ పుస్తకానికీ మధ్య నలభై ఏళ్ళు. మొదటి రోజే అంతా మారలేదని అతని విశ్వాసాన్ని కొట్టెయ్యలేం. అన్నేళ్ళు పట్టింది కదా అని ఆ వ్యాపారానికి బలైనవాళ్ళ బాధను తక్కువ చేయనూలేం. అందుకే మీలో కనిపించిన తప్పును రేపటికి వాయిదా వేయకండి, ఇంకా మిగిలిన తప్పులను చూసి నీరసపడకండి.

ఈ వారం నుంచే ఇలా చేయండి

1. ఒప్పుకున్నదాన్ని ముగించండి. మిమ్మల్ని వేధిస్తున్న తప్పును కాగితం మీద స్పష్టంగా రాయండి, దేవుడి ముందు ఒకసారి మనసారా ఒప్పుకోండి, కాగితం చింపెయ్యండి. అది మళ్ళీ గుర్తొస్తే క్షమాపణ అడగొద్దు, క్షమించినందుకు కృతజ్ఞత చెప్పండి. జ్ఞాపకం ఆగదు, దానికి మీరిచ్చే జవాబు మారుతుంది.

2. మాట మార్చండి. 'నేను కోపిష్టిని' అనే బదులు 'నాకు కోపం వస్తోంది, నేను దేవుడి బిడ్డను, ఇప్పుడేం చేయాలి' అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న చెయ్యి లేవకుండా ఆపగలదు.

3. సాక్ష్యం తీరు మార్చండి. కూడికల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు పాత పాపాలనే గంటసేపు వర్ణించకండి. రెండు మాటల్లో ముగించి, నిన్న ఏ శోధన గెలిచారో, ఎవరికి సాయం చేశారో చెప్పండి. వినే కుర్రవాళ్ళకు పనికొచ్చేది అదే.

4. ఒక బాకీ తీర్చండి. డబ్బో, మాటో, క్షమాపణో, ఎవరికో ఒకరికి బాకీ ఉంటారు. మొత్తం ఇవ్వలేకపోతే మొదటి వాయిదా ఇవ్వండి. నేరమైతే చట్టం ముందు నిలబడండి.

5. పాత దారి మూసెయ్యండి. పాత పేరుతో పిలిచే సావాసం, బెల్టు షాపు దాటే సాయంత్రపు దారి, అర్ధరాత్రి ఫోను, ఏది మిమ్మల్ని వెనక్కి లాగుతుందో మీకే తెలుసు. దాన్ని వదిలేస్తే సరిపోదు, ఆ వేళకు మరో పని పెట్టుకోండి. వ్యసనం ముదిరి ఉంటే ప్రార్థనతోపాటు డాక్టరు దగ్గరికీ వెళ్ళండి.

6. ఒకరికి కొత్త పేరు ఇవ్వండి. మీరు క్షమించాల్సిన మనిషి ఒకరుంటారు. పారిపోయి విశ్వాసిగా తిరిగొస్తున్న దాసుడు ఒనేసిమును ఇక ప్రియ సోదరుడిగా చేర్చుకోమని యజమాని ఫిలేమోనుకు పౌలు ఉత్తరం రాశాడు. అతను ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో రాసుకోమన్నాడు. మీరూ ఒకరి పక్షాన అలా నిలబడండి.

దేవుడు మిమ్మల్ని క్షమించాడని నమ్మితే, క్షమించబడినవాళ్ళలాగే నడవండి. తల ఎత్తి నడవండి, చేతులతో బాకీ తీర్చండి, నోటితో ఎదుటివాడి పాత పేరు పలకడం మానండి. ఈ ఆదివారం మందిరానికి వెళ్ళినప్పుడు పాత పాపం మళ్ళీ అప్పజెప్పకండి. వెళ్ళేముందు మీతో మాటల్లేని ఒక మనిషి ఇంటి తలుపు తట్టి, లోపలికి పిలిస్తే కూర్చుని మాట్లాడి రండి.